కిషన్ రావు గారి దొంగమొక్కలు

అడిగి తెచ్చుకున్న మొక్క బతకదనీ, కొన్న మొక్క అసలే బతకదనీ, దొంగిలించిన మొక్క ఒక్కటే బతికి బట్టకడుతుందనీ కిషన్ రావు గారి సిద్ధాంతం. ఇలా నమ్మేవాళ్లు హైదరాబాదులో ఇంకా ఉన్నారు. కాకపోతే వాళ్లు పక్కింటి మనీప్లాంటు కొమ్మ ఒకటి తుంచుకుని, ఆ పాపాన్ని అక్కడితో వదిలేస్తారు. కిషన్ రావు గారు మాత్రం చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ దాకా, అటు నారాయణగూడ మార్కెట్ దాకా ఏ ప్రహరీగోడనూ వదల్లేదు. పైగా ఆయన రిటైరైంది పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబులుగా. ఉన్నన్నాళ్లూ దొంగల వెంట పరుగెత్తి, పెన్షను మొదలవగానే తనే దొంగల్లో కలిసిపోయారని గల్లీ అంతా చెప్పుకుని నవ్వుకునేది.

ఆయన సరంజామా చిన్నదే. ఒక వంపు పిడి గొడుగు. అది ఎండకూ కాదు, వానకూ కాదు, గోడ అవతలి కొమ్మను ఇవతలికి వంచడానికి. చొక్కా జేబులో కాగితం మడతలో పాత బ్లేడు. కోసిన కొమ్మకు చుట్టడానికి ప్యాంటు జేబులో తడి చేతిరుమాలు. ఆ ప్యాంటు మాత్రం ఖాకీదే.

"దొంగతనానికి ఖాకీ ప్యాంటు ఏంది సార్?" అని ఎవరైనా అడిగితే, "బట్ట ఇంకా గట్టిగనే ఉన్నది, పడేస్తనా?" అనేవారు.

ఒకసారి బర్కత్‌పుర నుంచి ఆయన బామ్మర్ది గులాబీ కుండీ ఒకటి ఆటోలో పట్టుకొచ్చాడు. గల్లీ పిల్లలంతా ఎదురింటి మెట్ల మీద కూర్చుని చూస్తున్నారు.

"బావా, నీ కోసమే తెచ్చిన."

"ఎవరు తెమ్మన్నరు? ఇచ్చిన మొక్క నా ఇంట్ల బతకదు. వాపస్ తీస్కపో."

"ఒళ్లంత ముండ్లు గుచ్చుకున్నయ్ బావా. ఎట్ల తీస్కపోవాలె?"

"సరే, గేటు బయట పెట్టు. లోపల కూసొని చాయ్ తాగు. వెనక్కి తిరిగి చూసినవంటే ఊకోను."

బామ్మర్ది చాయ్ తాగుతుండగా కిషన్ రావు గారు వెనక తలుపు గుండా బయటపడి, గల్లీ చుట్టి వచ్చి, పిల్లి నడక నడిచి, తన గేటు ముందున్న కుండీని దొంగిలించి, తన గోడ మీదుగా తన ఇంట్లోకే దించుకున్నారు. వంటింటి కిటికీలోంచి ఆయన భార్య యశోదమ్మ గారు, "నడుము జర పైలం, దొంగా!" అన్నారు. ఎదురింటి మెట్ల మీద పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఇలాంటి ఇంట్లో పై వాటాలోకి తొంభై అయిదు వేసవికి ముందు నవనీత కుటుంబం కిరాయికి దిగింది. భర్త జగదీశ్వర్ బ్యాంకులో గుమాస్తా. కూతురు తన్మయి జూన్‌లో ఒకటో తరగతిలో చేరాలి.

నవనీత ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివింది. చదువు ఎప్పుడో ముగిసింది గానీ చదివిన సూక్ష్మజీవులు ఆమెను వదల్లేదు. పాప చెయ్యి తలుపు గొళ్లేనికి తగిలితే చాలు, ఆ గొళ్లెం మీద ఎవరెవరు కాపురముంటున్నారో ఇంటిపేర్లతో సహా గుర్తొచ్చేవి. ఇక మట్టి సంగతి చెప్పక్కర్లేదు. మట్టిలో పాప వేలు పెడితే ఆమె కళ్ల ముందు ధనుర్వాతం వార్డు కనిపించేది.

ఆమెకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. సిగ్గేసినా, అబద్ధం చెప్పాల్సి వచ్చినా ఆమె చెవులు ముందు ఎర్రబడతాయి. మొహం మామూలుగానే ఉంటుంది, మాట తడబడదు, చెవులు మాత్రం బీట్‌రూట్ ముక్కలవుతాయి. తన్మయికి ఇది బాగా తెలుసు. టీకా వేయించడానికి తీసుకెళుతూ "పార్కుకు పోదాం" అన్నప్పుడు పాప తల్లి జుట్టు పక్కకు తీసి చెవులు చూసి, మంచం కింద దూరింది.

పిల్లలతో మొక్కలు పెంచితే వాళ్లకు ఓపికా, బాధ్యతా అలవడతాయని ఆ వేసవిలో నవనీత ఎక్కడో చదివింది. సరే పెంచుదాం, కానీ శాస్త్రీయంగా పెంచుదాం అనుకుంది. నారాయణగూడ మార్కెట్లో మట్టి కుండీలూ, బంతి విత్తనాలూ కొన్నది. వంటింట్లోంచి మెంతులూ ధనియాలూ తీసింది. మట్టిని మాత్రం ప్రెషర్ కుక్కర్లో పెట్టి మూడు కూతలు రానిచ్చింది.

బ్యాంకు నుంచి వచ్చిన జగదీశ్వర్ కుక్కర్ మూత తీసి చూసి, మళ్లీ పెట్టేశాడు.

"ఇయ్యాల కూర ఇదేనా, ఇంక వేరేది ఉన్నదా?"

"నవ్వకు. క్రిములు చచ్చిపోవాలి కదా."

"క్రిములు సరే. రేపటి పప్పు కూడా దీంట్లనేనా?"

విత్తనాలు వేశారు. పాప మట్టి ముట్టుకునే ముందూ, ముట్టుకున్న తర్వాతా డెట్టాల్ కలిపిన మగ్గులో చేతులు ముంచాలన్నది నియమం. ముంచిన నీళ్లు వృథా చేయకూడదని కూడా అమ్మే నేర్పింది కాబట్టి, తన్మయి ఆ మగ్గు నీళ్లు తీసుకెళ్లి బుద్ధిగా కుండీల్లో పోసేది. దానికి తోడు "రోజూ పరిశీలించాలి" అని తల్లి చెప్పిందాయె. పాప రోజూ ఒక్కొక్క మెంతిగింజనూ పైకి పీకి, వేరు ఎంత వచ్చిందో చూసి, మళ్లీ పాతేది.

మెంతులు తల ఎత్తి వాలిపోయాయి. బంతి మొలక ఒక్కరోజు నిలబడింది. ధనియాలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. నవనీత మళ్లీ మట్టి ఉడికించింది, మళ్లీ విత్తనాలు వేసింది, మళ్లీ అదే కథ. డెట్టాల్ నీళ్ల సంగతి ఆమెకు తెలిసేసరికి తన్మయి తన నిర్ణయానికి వచ్చేసింది.

"అమ్మా, నా చెయ్యి మంచిది కాదు. నేను పట్టుకుంటే చచ్చిపోతయ్."

"కాదురా, తప్పు నీది కాదు, ఆ నీళ్లది. అసలు నేనే..."

పాప వినలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. ఆ రోజు నుంచి అలాగే తిరిగేది. గుడి బయట పూలమ్మి మల్లెపూలు ఇస్తే చెయ్యి చాచలేదు. ఎదురింట్లో పుట్టిన కుక్కపిల్లను చూడ్డానికి వెళ్లి, చేతులు వెనకే కట్టుకుని, దూరం నుంచి ముక్కుతో పలకరించి వచ్చింది. నవనీతకు రాత్రుళ్లు అన్నం సహించేది కాదు. పిల్లకు ఓపిక నేర్పబోయి ఇదేం నేర్పాను అనుకునేది. ఎవరితోనైనా చెప్పుకుందామంటే కుక్కర్ దగ్గర్నుంచి చెప్పాలి. చెవులు ఎర్రబడేవి.

ఒక సాయంత్రం తన్మయి మెట్లు దిగుతుంటే కింద కిషన్ రావు గారు గొడుగు దులుపుకుంటున్నారు.

"ఏంది బిడ్డా, అరెస్టు అయినోళ్ల లెక్క చేతులు ఎనకకు పెట్టుకున్నవ్? ఏం కేసు?"

"నా చెయ్యి మంచిది కాదు తాతా. మొక్కలన్నీ చచ్చిపోయినయ్."

"ఏడికెల్లి తెచ్చిన్రు ఆ మొక్కలు?"

"అమ్మ కొన్నది."

కిషన్ రావు గారు నుదురు కొట్టుకున్నారు. "కొన్నదా! కొన్నయి ఎట్ల బతుకుతయ్ బిడ్డా? చెయ్యి తప్పు లేదు, కేసు కొట్టేసినం. రేపు నాలుగు గంటలకు తయారుండు. ఎవ్వరికీ చెప్పకు."

మర్నాడు సాయంత్రం తన్మయి ఇంటికి వచ్చినప్పుడు మోచేతుల దాకా మట్టి. గుప్పిట్లో తడి చేతిరుమాలు, అందులో రెండాకుల వాము కొమ్మ. కళ్లు వెలిగిపోతున్నాయి.

"ఎక్కడిదే ఇది?"

పాప వేలు పెదవులకు ఆనించింది. "అమ్మా, జర మెల్లగ మాట్లాడు. దొంగిలించినం."

నవనీత చేతిలోని గరిటె జారింది. ఆమెకు ధనుర్వాతం గుర్తుకు రావాలో, పోలీసులు గుర్తుకు రావాలో తెలియలేదు. పోలీసైతే కిందే ఉన్నాడు, దొంగ కూడా ఆయనే.

ఆ వాము కొమ్మను తన్మయి కాపాడిన తీరు చెప్పుకోదగ్గది. ఎవరూ చూడకుండా గోడ వైపు తిప్పి పెట్టింది. దాని మీద తన పాత గౌను కప్పి, గాలాడేందుకు బొత్తాం విప్పింది. కింద గేటు చప్పుడైతే చాలు, "వాళ్లు వచ్చిన్రు" అని పరుగెత్తి దాని ముందు నిలబడేది. వేరు చూడ్డానికి పీకితే దొరికిపోతామని తాత చెప్పాడట. ఒక్కసారి కూడా పీకలేదు. నీళ్లు కూడా దొంగచాటుగా, గ్లాసుతో, కొద్దికొద్దిగా పోసేది. వాము కొమ్మ కొత్త ఆకు వేసింది.

తర్వాత మనీప్లాంటు వచ్చింది, హార్లిక్స్ సీసాలో కాపురం పెట్టింది. రణపాల ఆకు ఒకటి వచ్చి, మట్టి మీద పడుకుని, అంచుల చుట్టూ పిల్లల్ని కన్నది. నాచుపూల తీగ ముక్క నారాయణగూడ నుంచి ఖాకీ జేబులో ప్రయాణం చేసి వచ్చి, పొద్దున్నే గులాబీ రంగులో పూసింది. పాప చేతులు ముందుకు వచ్చేశాయి. అన్నం కలుపుకుంటున్నాయి, కుక్కపిల్లను ఎత్తుకుంటున్నాయి. నవనీతకు కడుపు నిండిపోయేది, అంతలోనే మండిపోయేది. పిల్ల చేతులు బాగుపడ్డాయి సరే, అవి దొంగచేతులయ్యాయి కదా!

"ఒక్కసారి ఆయనకు చెప్పు" అని భర్తను పోరింది.

"ఏమని చెప్పాలె? ఇంటి ఓనర్‌ను పట్టుకుని నువ్వు దొంగవు అనాలెనా? కిరాయి ఇల్లు దొరకక ఎంత పరేషాన్ అయినమో యాదికున్నదా?"

అలా వాయిదా పడుతూ, సంగతి స్కూలు ఇంటర్వ్యూ దాకా వచ్చింది.

ఆ స్కూల్లో సీటు కోసం నవనీత రెండు నెలలు తపస్సు చేసింది. పాపకు రంగులూ, ఆకారాలూ, వారాలూ, నెలలూ కంఠతా వచ్చేశాయి. హెడ్‌మిస్ట్రెస్ జయశ్రీ మేడం అవేవీ అడగలేదు. కళ్లద్దాలు సర్దుకుని, "సెలవుల్లో ఏం చేశావమ్మా?" అన్నారు.

"దొంగతనాలు చేసిన," అంది తన్మయి.

మేడం కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నారు. "ఏం దొంగిలించావు?"

"వాము ఆకు, మనీప్లాంటు, రణపాల, నాచుపూలు. అన్నీ బతికినయ్. కొన్నయ్ చచ్చిపోయినయ్, అవి అమ్మ ఉడకబెట్టింది."

"ఎవరితో కలిసి?"

"మా పోలీసు తాతతోటి. తాత గోడ కాడ ఉంటడు, నేను కోస్త. నాకు భయం లేదు."

మేడం గబగబా దగ్గి, బల్ల మీది నీళ్ల గ్లాసు ఎత్తి తాగారు. చాలాసేపు తాగారు. తర్వాత తల ఎత్తకుండానే, "మీరిక వెళ్లొచ్చు. శుక్రవారం చెబుతాం" అన్నారు. లేచి నిలబడుతున్న నవనీత కొంగు లాగి, తన్మయి గది అంతా వినపడేలా, "అమ్మా, నీ చెవులు ఎర్రగైనయ్" అంది.

నవనీత గల్లీ మొదట్లో రిక్షా దిగి నడుస్తుంటే కూరగాయల బండి మాసమ్మ, "సీటు వచ్చిందా అక్కా?" అని అడిగింది. అదే ఆఖరి దెబ్బ. గేటు దగ్గర కిషన్ రావు గారు గొడుగు పిడి తుడుచుకుంటూ కనిపించారు.

"ఏమైంది బిడ్డా, మా దొంగ పాసైందా?"

నవనీత ఆగలేకపోయింది.

"పోలీసులో పనిచేసిన్రు, పెద్దమనిషి అనుకున్న అంకుల్! పసిపిల్లకు దొంగతనం నేర్పుతరా? ఇయ్యాల హెడ్‌మిస్ట్రెస్ ముందర నా బిడ్డ దొంగతనాలు చేసినా అని చెప్పింది. నేను ఎక్కడ తల పెట్టుకోవాలె? రేపు ఇది ఇంకేదన్న ఎత్తుకొస్తే ఎవరిది బాధ్యత? మీ పిచ్చికి మా పిల్లే దొరికిందా?"

గల్లీ అంతా బయటికొచ్చింది. మాసమ్మ తక్కెడ దించింది. గల్లీ చివరి హాస్టల్లో పరీక్షలకు చదువుకునే కుర్రాళ్లు పుస్తకాల్లో వేళ్లు పెట్టుకుని మేడ మీంచి వంగి చూశారు. యశోదమ్మ గారు గుమ్మంలోకి వచ్చి ఏదో చెప్పబోయారు. కిషన్ రావు గారు చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. ఆయన నవనీతను చూడలేదు. ఆమె వెనక, చీర కుచ్చెళ్లు పట్టుకుని నిలబడ్డ తన్మయిని చూశారు. తర్వాత తల దించుకున్నారు.

"గలతీ అయింది బిడ్డా," అన్నారు. గొడుగు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు పాప నిద్ర లేవకముందే నవనీత మొక్కలన్నీ బుట్టలో సర్దింది. ఎవరివి వాళ్లకు తిరిగిచ్చి, క్షమాపణ అడిగి రావాలి. ఏది ఎవరి గోడదో తన్మయి గర్వంగా ఎప్పుడో చెప్పేసింది. మొదటిది అశోక్‌నగర్లో సంగీతం పంతులమ్మ బాలత్రిపురసుందరి గారి ఇల్లు. వాము కొమ్మ అక్కడిదే.

గేటు తీసిన ఆవిడ బుట్టలోకి చూసి నీరసపడిపోయారు.

"తిరిగి తెచ్చేశావేమిటమ్మా? నా అరుపు బాగాలేదా?"

"అరుపేంటండీ? మా పాప మీ మొక్క దొంగిలించింది. క్షమించమని..."

"అయ్యో, ఆ మాట మెల్లిగా అను. పిల్లెక్కడ? రాలేదు కదా?" ఆవిడ గేటు బయటికి తొంగి చూసి, నవనీతను లోపలికి లాక్కెళ్లారు. "ముందు రోజే కిషన్ రావు గారు వచ్చి అడిగి వెళ్లారమ్మా. చెప్పులు గేటు బయట విప్పి మరీ. ఫలానా కొమ్మ, ఫలానా టైము. పాప కోశాక నేను 'ఎవర్రా అది' అని అరవాలి. ముందే అరిస్తే పిల్ల దడుసుకుంటుంది, అరవకపోతే దొంగతనంలా ఉండదు. నేను అరిచాను. మర్నాడు మళ్లీ వచ్చి, 'అమ్మా, మీ అరుపు పాట లెక్క ఉన్నది, జర కోపం కలపండ్రి' అన్నాడు. నలభై ఏళ్లు శ్రుతిలో పాడిన గొంతమ్మా, కోపం ఎక్కడ కలవను?"

నవనీత బుట్ట కింద పెట్టి కూర్చుండిపోయింది.

"అడిగి... తీసుకున్నారా?"

"అడక్కుండా ఆయన గడ్డిపరక ముట్టుకోడు. పోలీసాయన కదా."

నాచుపూలది నారాయణగూడలో జామచెట్టున్న ఇల్లు. తలుపు తీసిన మనిషిని చూసి నవనీత ఒకడుగు వెనక్కి వేసింది. జయశ్రీ మేడం! పారిపోదామనుకుంటుండగా మేడం బుట్టను చూసి పకపకా నవ్వారు. నిన్నటి నుంచి దాచుకున్న నవ్వు కాబట్టి అది ఆగడానికి చాలాసేపు పట్టింది.

"నీళ్లు తాగుతూ ఎట్లా చచ్చిపోయానో మీకేం తెలుసండీ! నేను నవ్వితే ఆయన కేసు మొత్తం పాడవుతుంది. ఇప్పటికే ఒకసారి పాడుచేశాను. మీ పాప గోడ మీంచి చెయ్యి పెడితే అరవడం మరిచిపోయి, గోడ ఇవతల నుంచే 'ఇంకో రంగు కూడా ఉంది, తీసుకోమ్మా' అన్నాను. ఆయన మర్నాడు వచ్చి ఎంత గట్టిగా మందలించారో!"

"కానీ ఎందుకు మేడం ఇదంతా?"

"నేనూ అడిగాను. 'ఇచ్చిన మొక్కను పిల్లలు రెండో రోజు మరిచిపోతరు మేడం, దొంగిలించినదాన్ని ప్రాణం పెట్టి దాస్తరు' అన్నారు. మా స్కూలు పిల్లల్లో ఎంతమంది ఆయన దొంగలో! మీ పాప సంగతి వేరే చెప్పారు. 'ఆ పిల్ల తన చెయ్యి మంచిది కాదనుకుంటున్నది, జర మంచి మొక్క ఇప్పియ్యండ్రి' అన్నారు."

నవనీత బుట్టలోకి చూసింది. వాము, మనీప్లాంటు, రణపాల, నాచుపూలు. కొమ్మ గుచ్చితే బతికేది ఒకటి, నీళ్ల సీసాలో బతికేది ఒకటి, ఆకు పారేసినా బతికేది ఇంకొకటి. ఒక్క గులాబీ లేదు. ఇన్ని గోడల మీద ఇన్ని రకాలుంటే, చంపుదామన్నా చావని మొక్కలనే ఏరి ఏరి ఆ పిల్ల చేత దొంగిలింపజేశాడాయన. ఎమ్మెస్సీ చదివిన తనకు ఇది ఇంతవరకూ కనిపించలేదు. నిన్న గల్లీలో ఆయన తల ఎందుకు దించుకున్నాడో కూడా అప్పుడు అర్థమైంది. ఒక్క మాట చెబితే ఆయన పరువు నిలిచేది. ఆ మాటను తన వెనక నిలబడ్డ తన్మయి కూడా వినేది. తన దొంగతనాలన్నీ ఉత్తవని తెలిసేది.

"మరి నాకు మాత్రం ఎందుకు చెప్పలేదండీ?"

జయశ్రీ మేడం కాస్త మొహమాటపడ్డారు. "మీకు చెబితే పాప పట్టేస్తుందన్నారు. మీ చెవులు... ఇదిగో, ఇట్లానే అవుతాయట."

గేటు దాకా వచ్చిన మేడమే సీటు సంగతి చెప్పారు. "అడిగినదానికి నిజం చెప్పే పిల్లలు మాకు ఎక్కువ రారండీ. సోమవారం ఫీజు కట్టేయండి."

బుట్ట ఎలా వెళ్లిందో అలాగే తిరిగి వచ్చింది. మెట్ల మీద తన్మయి కూర్చుని ఉంది. చేతులు మళ్లీ వెనక్కి పెట్టుకుంది. బుట్ట చూపిస్తే లోపలికి తొంగి కూడా చూడలేదు. "వాపస్ ఇచ్చినవ్ గదా. ఇగ అవి దొంగిలించినయ్ కావు. చచ్చిపోతయ్," అంది.

నవనీత పాపను పైకి పంపి, పై వాటా తలుపు మూసుకున్న చప్పుడు విన్నాక, కిందింటి గుమ్మంలోకి వెళ్లింది. గొడుగు మేకుకు వేలాడుతోంది. కిషన్ రావు గారు కుర్చీలో కూర్చుని, చేయడానికి పనేమీ లేక, పాత బ్లేడును చూసుకుంటున్నారు.

"కోపం లేదు బిడ్డా ఆయనకు," అన్నారు యశోదమ్మ గారు. "డ్యూటీ లేదని రంది, ఒకటే దిగులు."

నవనీత దారి పొడుగునా క్షమాపణలు కూర్చుకుంటూ వచ్చింది. తీరా నోట్లోంచి వచ్చింది వేరు. చెప్పులు గేటు బయటే విప్పి వచ్చానా అని ఒకసారి కిందికి చూసుకుని, ఇలా అంది:

"అంకుల్, రేపు నాలుగు గంటలకు మీ ఇంట్ల దొంగతనానికి వద్దామనుకుంటున్నం. పర్మిషన్ కావాలె."

కిషన్ రావు గారు బ్లేడు కింద పెట్టారు. యశోదమ్మ గారి వైపు చూశారు. గొంతు సవరించుకున్నారు.

"ఎవరెవరు వస్తరు?"

"నేను, మా పాప."

"ఏం ఎత్తుకపోతరు?"

"ఏదైనా సరే అంకుల్, చావనిది."

"పుదీనా ఉన్నది గోడ పక్కకు. ఎంత తుంచినా వస్తది. నేను అరవాలెనా మరి?"

"కోసినాక అరవండి."

"గట్టిగనా, మెల్లగనా?"

"మీ ఇష్టం అంకుల్." ఆమె ఒకడుగు ముందుకు వేసింది. "నిన్న నేను అన్న మాటలు..."

"మెల్లగ బిడ్డా, పైకి వినపడ్తది," అన్నారు ఆయన మేడ వైపు చూపిస్తూ. "రేపు టైముకు రాండ్రి, చాలు."

మీ ఇష్టం అనడం ఎంత పొరపాటో నవనీతకు మర్నాడు తెలిసింది.

"అమ్మ కూడా దొంగతనానికి వస్తదా?" అని తన్మయి మొదట నమ్మలేదు. తల్లి చెవులు పరీక్షించింది. అవి మామూలుగానే ఉన్నాయి, ఎందుకంటే అది నిజమే. అప్పుడు పాప చేతులు ఒక్కొక్కటిగా ముందుకొచ్చాయి. తల్లికి పాఠం మొదలైంది.

"ఏం తెల్వనట్టు నడవాలె. నేను చెయ్యి ఊపితే రావాలె. గాజులు తీసెయ్యి, సప్పుడైతది. చేతులు డెట్టాల్ల ముంచకు, వాసనకు దొరికిపోతం."

మేకుకు ఉండాల్సిన గొడుగు ఆ రోజు ఎవరో మరిచిపోయినట్టు మెట్ల కిందే ఉంది. తన్మయి దాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఇద్దరూ గోడ వెంబడి వంగి నడిచారు. పాప సైగ చేసింది. నవనీత మోకాళ్ల మీద కూర్చుని, జీవితంలో మొదటిసారి, ఉడికించని మట్టిలో వేళ్లు పెట్టింది. మట్టి చల్లగా ఉంది. అందులో ఎవరెవరు కాపురముంటున్నారో ఆ క్షణాన ఒక్క ఇంటిపేరూ గుర్తు రాలేదు. పుదీనా రెమ్మలు వేళ్లతో సహా తెగి వచ్చాయి.

"ఎవర్రా అదీ!"

అది సంగీతం పంతులమ్మ అరుపు కాదు. ముప్ఫై ఏళ్లు దొంగల వెంట పడిన గొంతు, సర్వీసులో దాచుకున్నదంతా ఒక్కసారి బయట పెట్టింది. గోడ మీది పావురాలు లేచిపోయాయి. పాలవాడి సైకిలు పడిపోయింది. హాస్టలు కుర్రాళ్లు పుస్తకాలతో సహా మెట్లు దిగి వచ్చారు. పర్మిషన్ తీసుకున్న సంగతి నవనీత పూర్తిగా మరిచిపోయింది. ఒక చేత్తో పాపను, ఒక చేత్తో పుదీనాను పట్టుకుని, కాలి చెప్పు ఒకటి అక్కడే వదిలేసి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, తలుపు గడియ వేసి, దానికి చేరగిలబడి కూలబడింది.

కింద నుంచి యశోదమ్మ గారి నవ్వూ, "చెప్పు దొరికింది, దొంగ దొరకలేదు" అని కిషన్ రావు గారు గల్లీకి ప్రకటించడమూ వినిపించాయి.

తన్మయి పుదీనాను కుండీలో నాటి, ఉడికించని మట్టి అదిమి, గ్లాసుతో నీళ్లు పోసింది. పాత గౌను కప్పింది. తర్వాత వచ్చి తల్లి పక్కన కూర్చుని, ఏదో ఆలోచించి, మెల్లగా అంది.

"అమ్మా, తాత మనల్ని ముందే చూసిండు."

నవనీత చటుక్కున నిటారుగా కూర్చుంది. "చూశాడా?"

"కిటికీల కెల్లి చూసుకుంట ఉన్నడు. మనం తెంపేదాంక ఆగి, గప్పుడు అరిచిండు. నువ్వు చెప్పు ఇడిసిపెట్టి ఉరికితే, ఉరికొచ్చి పట్టుకోవాలె గదా? నవ్వుకుంట నిలవడ్డడు." పాప నిట్టూర్చింది. "తాతకు దొంగల్ని పట్టుడు రాదమ్మా. గందుకే రిటైర్ చేసినట్టున్నరు."

"అయ్యో, పాపం," అంది నవనీత.

"నువ్వు మాత్రం తాతకు చెప్పకు. బాధపడ్తడు."

"చెప్పనులే."

తన్మయి అలవాటుగా తల్లి జుట్టు పక్కకు తీసి చెవులు చూసింది. పరుగెత్తి రావడం మంచిదైంది. అవి అప్పటికే ఎర్రగా ఉన్నాయి.